పెంకు దాటి వచ్చే వెలుగు

కళ్ల ముందే తెరల వెనుకకు పోయిన వస్తువులను మనసులో నిలుపుకొని, ఒక తెర వెనుక రెండు, మరో తెర వెనుక మూడు ఉన్నాయని పోల్చుకొని, ఎక్కువ ఉన్న వైపు నడవడం మూడు నాలుగు రోజుల కోడిపిల్లకు చేతనవుతుందని ఇటలీలోని పాదువా, ట్రెంటో విశ్వవిద్యాలయాల శాస్త్రవేత్తలు 2009లో ప్రయోగపూర్వకంగా చూపారు. అంతకు ముప్పై ఏళ్ల ముందు, 1979లో, ఆస్ట్రేలియా శాస్త్రవేత్త లెస్లీ రోజర్స్ కోడిపిల్ల మెదడులో ఎడమ సగమూ కుడి సగమూ ఒకే పని చేయవని, గింజకూ రాతికీ తేడా నేర్చుకోవడంలో ఎడమ సగానిదే పైచేయి అని తోటి శాస్త్రవేత్తతో కలిసి ప్రకటించారు. జంతువుల మేధను గురించిన పరిశోధనలో ఇవి రెండు వేర్వేరు ధారలుగా మొదలయ్యాయి: వస్తువుల సంఖ్యను మాటల సాయం లేకుండానే పసిగట్టే సహజశక్తి అయిన సంఖ్యాస్పృహ ఒకటి, మెదడులోని రెండు సగాలు పనులను పంచుకునే తీరు అయిన మస్తిష్క అసౌష్ఠవం మరొకటి. ఈ రెండూ కలిసిన చోట నిలిచిన జీవి కోడిపిల్ల.

ఆ జీవితో తెలుగువారికి ఉన్నంత దగ్గరితనం చాలా తక్కువ జాతులకు ఉంటుంది. రంగారెడ్డి జిల్లా షంషాబాద్ మండలంలోని పాల్మాకుల పరిసరాలలో, 2008లో విమానాశ్రయం ప్రారంభమైన తరువాత పొలాలు వెంచర్లుగా మారుతూ వచ్చినా, షాద్‌నగర్ వైపు సాగే కొద్దీ కోళ్ల షెడ్లు కనిపిస్తూనే ఉంటాయి, ఇళ్ల ముందు నాటుకోళ్లు తిరుగుతూనే ఉంటాయి. షంషాబాద్ నుంచి నగరం వైపు వస్తే తగిలే రాజేంద్రనగర్‌లో పశువైద్య కళాశాలతో పాటు, భారత వ్యవసాయ పరిశోధన మండలికి చెందిన కోళ్ల పరిశోధన సంచాలనాలయం ఉంది. 1988లో ప్రాజెక్టు డైరెక్టరేట్‌గా మొదలైన ఈ సంస్థ పెరటి పెంపకం కోసం వనరాజా, గ్రామప్రియ వంటి రకాలను రూపొందించి దేశమంతటికీ అందించింది. గుడ్ల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ దేశంలో ముందు వరుసలో ఉన్న రాష్ట్రాలు. పందెపు పుంజును ఈకల రంగును బట్టి కాకి, డేగ, నెమలి, పర్ల అని వర్గీకరించి, ఏ రోజు ఏ రంగు పుంజు గెలుస్తుందో చెప్పడానికి కుక్కుటశాస్త్రమనే ఒక ప్రత్యేక గ్రంథాన్నే నిలుపుకొన్న సమాజం ఇది. కోడి రంగునూ పౌరుషాన్నీ మాంసాన్నీ గుడ్డునూ ఇంత శ్రద్ధగా పట్టించుకున్న చోట, దాని మేధను గురించి మాత్రం దాదాపు ఏ చర్చా జరగకపోవడం పెద్ద లోటు.

మెదడు శాస్త్రజ్ఞులు ప్రత్యేకించి కోడిపిల్లనే ఎంచుకోవడానికి బలమైన కారణం ఉంది. జంతువు చూపిన తెలివి పుట్టుకతో వచ్చినదా, పెరిగే కొద్దీ అనుభవం నేర్పినదా అన్న ప్రశ్న ఈ రంగంలో అన్నిటికన్నా పాతది, అన్నిటికన్నా మొండిది. కాకి పిల్ల, పావురం పిల్ల కళ్లు తెరవకుండా, ఈకలు లేకుండా పుట్టి, వారాల తరబడి గూటిలోనే ఉంటాయి కాబట్టి, వాటిని పరీక్షించే వేళకు అవి ఎంతో చూసి ఉంటాయి. కోడిపిల్ల మాత్రం పెంకు పగిలిన కొద్ది గంటలకే నడుస్తుంది, చూస్తుంది, పొడుస్తుంది. దానిని చీకటి ఇంక్యుబేటర్‌లో లేపితే, అది జీవితంలో మొట్టమొదట చూసే వస్తువు ఏదో, ఎన్ని వస్తువులు చూడాలో పరిశోధకులే నిర్ణయించవచ్చు. మనిషి శిశువు విషయంలో ఇటువంటి నియంత్రణ ఊహకు కూడా అందదు.

మెదడులోని రెండు సగాలు వేర్వేరు పనులు చేయడం మనిషికే ప్రత్యేకమని శాస్త్రలోకం దాదాపు వందేళ్లు నమ్మింది. ఫ్రెంచి వైద్యుడు పాల్ బ్రోకా 1861లో, మాట పడిపోయిన రోగి మెదడులో ఎడమ వైపు ముందు భాగం దెబ్బతిన్నదని గుర్తించినప్పటి నుంచి, భాష, కుడిచేతి వాటం, ఎడమ మెదడు ఈ మూడూ కలిసి మనిషి ఆధిక్యానికి గుర్తులయ్యాయి. 1970 ప్రాంతంలో ఫెర్నాండో నొటెబోమ్ పాడే పిట్టలలో గొంతును నడిపే ఎడమ వైపు నరం తెగితే పాట చెదిరిపోతుందని, కుడి నరం తెగితే అంత నష్టం ఉండదని చూపడంతో ఆ నమ్మకానికి మొదటి గట్టి దెబ్బ తగిలింది. రోజర్స్ పరిశోధన దాని తరువాత వచ్చింది. కొత్త జ్ఞాపకాలు నిలవడానికి అవసరమైన ప్రోటీన్ల తయారీని కొంతసేపు ఆపే సైక్లోహెక్సిమైడ్ అనే మందును పసి కోడిపిల్లల మెదడులో ఒక సగానికే ఇచ్చి చూసినప్పుడు, ఎడమ సగానికి మందు పడిన పిల్లలు గింజలను గులకరాళ్ల నుంచి వేరు చేయడం నేర్చుకోలేక తడబడ్డాయి, కుడి సగానికి పడినవి మామూలుగానే నేర్చుకున్నాయి.

ఆ తరువాత మందు అవసరం కూడా లేకపోయింది. పక్షులలో ప్రతి కంటి నుంచి బయలుదేరే నరం దాదాపు పూర్తిగా మెదడులో ఎదురు సగానికి చేరుతుంది; మనిషి మెదడులో రెండు సగాలనూ కలిపే కార్పస్ కలోసం అనే పెద్ద నరాల కట్ట పక్షులకు లేదు. అందువల్ల కోడిపిల్ల కుడి కన్నును చిన్న అతుకుతో మూస్తే అది ప్రధానంగా కుడి మెదడుతో చూస్తున్నట్టు, ఎడమ కన్ను మూస్తే ఎడమ మెదడుతో చూస్తున్నట్టు లెక్క. కుడి కన్ను తెరిచి ఉన్న పిల్ల నూకలను రాళ్ల నుంచి త్వరగా ఏరుకుంటుంది. ఎడమ కన్ను మాత్రమే తెరిచి ఉన్నది రెంటినీ తేడా లేకుండా పొడుస్తుంది. అయితే ఎడమ కన్నును తక్కువ చేయడానికి వీలులేదు. తనతో పెరిగిన పిల్లను కొత్త పిల్ల నుంచి గుర్తుపట్టడంలోనూ, చోటును గుర్తుంచుకోవడంలోనూ, పైన ఎగిరే వేటపక్షిని పసిగట్టడంలోనూ ఆ కన్నుదే, అంటే కుడి మెదడుదే, ముఖ్యపాత్ర. కుడి మెదడు అనుకోనిదాన్నీ ప్రమాదాన్నీ కనిపెడుతుంది, ఎడమ మెదడు తెలిసిన రకాలుగా వస్తువులను విడదీస్తుంది అన్న ఈ పంపకం చేపల్లో, కప్పల్లో కూడా ఏదో ఒక రూపంలో కనిపించడాన్ని బట్టి, ఇది వెన్నెముక గల జీవుల వంశంలో చాలా పాతదని ఇప్పుడు అత్యధికులు అంగీకరిస్తున్నారు.

ఈ అసౌష్ఠవంలో ముఖ్యమైన ఒక భాగం ఎలా ఏర్పడుతుందన్నది మొత్తం కథలో అన్నిటికన్నా ఆశ్చర్యకరమైన ఘట్టం. కోడిగుడ్డు పొదగడానికి ఇరవై ఒక్క రోజులు పడుతుంది. చివరి నాలుగైదు రోజుల్లో లోపలి పిండం తలను కుడి వైపుకు తిప్పి కుడి రెక్క కింద ముక్కును దోపుకొని సర్దుకుంటుంది. ఆ భంగిమలో ఎడమ కన్ను సొంత శరీరానికి ఆనుకొని మూసుకుపోతుంది, కుడి కన్ను మాత్రం పెంకు వైపు ఉంటుంది. పెంకు పూర్తిగా వెలుగును ఆపదు. పొదిగే పెట్ట మేత కోసం, నీళ్ల కోసం రోజులో కాసేపు గూడు విడిచి వెళ్లినప్పుడు గుడ్ల మీద పడే వెలుతురు పెంకును దాటి ఆ కుడి కంటిని మాత్రమే తాకుతుంది, దానితో కుడి కంటి నుంచి ఎడమ మెదడు మీదుగా పైకి సాగే నరాల దారులు ఎడమ కంటి దారుల కన్నా బలపడతాయి. రోజర్స్ 1982లో ప్రకటించిన ఫలితం ప్రకారం, పూర్తి చీకటిలో పొదిగించిన గుడ్ల నుంచి వచ్చిన పిల్లల మందలో ఈ రకం తేడా ఒక వైపుకు స్థిరపడదు. మరో ప్రయోగంలో, పుట్టడానికి ముందు పిండం తలను జాగ్రత్తగా గుడ్డు బయటకు తీసి, కుడి కన్నును మూసి ఎడమ కంటికి వెలుగు చూపినప్పుడు అసౌష్ఠవం తలకిందులైంది. దీనికి కావలసిన వెలుగు రోజుల తరబడి ఉండనక్కరలేదు, సరైన సమయంలో కొన్ని గంటలు పడితే చాలు. జన్యువులు నేరుగా చేసింది పిండం తలను ఒక వైపుకు తిప్పడం వరకే, మిగిలిన పనిని పెట్ట అలవాటూ పగటి వెలుగూ పూర్తి చేశాయి. పుట్టుక, అనుభవం అని రెండు గదులుగా విడదీసి ఆలోచించే పద్ధతి ఎంత బలహీనమైనదో ఇంతకన్నా స్పష్టంగా చూపే ఉదాహరణ జీవశాస్త్రంలో అరుదు.

అసౌష్ఠవం వల్ల జీవికి లాభమేమిటన్న ప్రశ్నకు సమాధానం 2004లో రోజర్స్, పావులో జుక్కా, జోర్జో వల్లోర్తిగారా కలిసి చేసిన ప్రయోగంలో దొరికింది. నేల మీద గింజలూ చిన్న రాళ్లూ కలిపి పరిచి, పిల్లలు ఏరుకుంటుండగా పైన డేగ ఆకారాన్ని కదిలించారు. పిండదశలో వెలుగు చూసిన పిల్లలు ఒక పక్క ఆకాశాన్ని కనిపెడుతూనే రాళ్లను వదిలి గింజలను ఏరడం నేర్చుకున్నాయి. చీకటిలో పొదిగినవి రెండు పనులూ ఒకేసారి చేయవలసి వచ్చేసరికి ఏరడంలో పొరపాట్లు చేయడమే కాక, సమయం గడిచే కొద్దీ ఇంకా ఎక్కువగా తడబడ్డాయి. ఒక్కొక్క పని విడిగా ఇచ్చినప్పుడు బయటపడని లోపం, రెండు పనులు కలిసినప్పుడు బయటపడింది. పల్లెలో పిల్లల కోడిని చూసిన వారెవరికైనా ఈ రెండు పనులూ కొత్త కావు: నేల మీద నూకలు, నెత్తి మీద గద్ద.

సంఖ్యాస్పృహ పరిశోధన వేరొక దారిలో సాగి ఇక్కడికి చేరింది. గుడ్డు నుంచి రాగానే కంటబడిన కదిలే వస్తువును తల్లిగా భావించి వెంటబడే గుణాన్ని ఇంగ్లండులో డగ్లస్ స్పాల్డింగ్ 1873లో వర్ణించగా, 1930లలో కొన్రాడ్ లోరెంజ్ దానిని విస్తృతంగా అధ్యయనం చేశారు. శాస్త్రభాషలో దీనిని ముద్రణ అంటారు. మొదట చెప్పిన 2009 నాటి ప్రయోగంలో రోజా రుగాని, లుచియా రెగోలిన్, వల్లోర్తిగారా బృందం ఈ గుణాన్నే ఉపకరణంగా మార్చుకుంది. ఐదు ఒకే రకమైన చిన్న వస్తువుల మధ్య పెరిగిన కోడిపిల్లకు ఆ ఐదే కుటుంబం. వాటిలో ఎక్కువ ఉన్న చోటికి చేరాలని దానికి సహజంగా ఉంటుంది కాబట్టి, గింజలు ఆశపెట్టి శిక్షణ ఇవ్వవలసిన పని లేదు. పారదర్శకమైన అడ్డు వెనుక నుంచి పిల్ల చూస్తుండగా వస్తువులు ఒక్కొక్కటిగా రెండు తెరల వెనుకకు పోతాయి. మొదట ఒక తెర వెనుకకు నాలుగు, మరో తెర వెనుకకు ఒకటి వెళ్లి, ఆ తరువాత నాలుగు ఉన్న చోటి నుంచి రెండు బయటికి వచ్చి రెండో తెర వెనుకకు చేరితే, ఇప్పుడు మొదటి చోట మిగిలినవి రెండు, రెండో చోట ఉన్నవి మూడు. తెర వెనుక ఏమున్నదో ఏ క్షణంలోనూ మొత్తంగా చూడని పిల్లను వదిలినప్పుడు, అది మొదట ఎక్కువ ఉన్న తెర వైపో, చివరి వస్తువు పోయిన వైపో గుడ్డిగా వెళ్లక, తీసివేతనూ కూడికనూ లోలోపల అనుసరించినట్టుగా, ఎక్కువ మిగిలిన తెర వైపే అత్యధిక సందర్భాలలో నడిచింది.

ఇటువంటి ఫలితాన్ని విన్నప్పుడు అనుమానం రావడం న్యాయమే, ఆ అనుమానానికి చరిత్ర కూడా ఉంది. జర్మనీలో 1904 ప్రాంతంలో హన్స్ అనే గుర్రం గిట్టతో నేలను తట్టి కూడికలు చెబుతుందని పేరు పొందగా, ప్రశ్న వేసిన మనిషి తల కదలికలో, ముఖంలో తెలియకుండానే కలిగే స్వల్ప మార్పును చూసి అది తట్టడం ఆపుతున్నదని ఆస్కర్ ఫుంగ్‌స్ట్ 1907లో తేల్చారు. ఆనాటి నుంచి ఈ రంగంలో ప్రతి ప్రయోగమూ మనిషి నుంచి సంకేతాలు అందకుండా జాగ్రత్తపడుతుంది. సంఖ్యల విషయంలో మరొక మెలిక ఉంది: మూడు వస్తువులు రెంటి కన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తాయి, వాటి అంచుల పొడవూ ఎక్కువే, కాబట్టి పిల్ల చూసింది సంఖ్యనా, పరిమాణాన్నా అన్నది తేలాలి. అందుకే వస్తువుల మొత్తం వైశాల్యాన్నో అంచుల పొడవునో రెండు వైపులా సమానం చేసి మళ్లీ పరీక్షిస్తారు. ఇక్కడ లెక్క అన్న మాటను ఒకటి, రెండు, మూడు అని పేర్లు పెట్టి లెక్కించడంగా తీసుకోకూడదు. జంతువులకూ మాటలు రాని శిశువులకూ ఉన్నది అంచనా శక్తి. రెండుకూ మూడుకూ మధ్య తేడా దానికి సులువు, ఇరవైకీ ఇరవై ఒకటికీ మధ్య తేడా దాదాపు అసాధ్యం, ఎందుకంటే అది తేడాను కాక నిష్పత్తిని కొలుస్తుంది. చార్మినార్ దగ్గర గుంపులుగా వాలే పావురాల జాతి కూడా ఇందులో తక్కువది కాదు: ఒకటి, రెండు, మూడు బొమ్మలను తక్కువ నుంచి ఎక్కువకు వరుసగా ముట్టడం నేర్చిన పావురాలు, ఎన్నడూ నేర్పని తొమ్మిది దాకా సంఖ్యలను కూడా ఆ క్రమంలోనే పెట్టగలిగాయని న్యూజిలాండ్ శాస్త్రవేత్తలు 2011లో ప్రకటించారు.

రెండు ధారలూ కలిసినది ఎడమ, కుడి అన్న ప్రశ్న దగ్గర. పదహారు ఒకేలాంటి గింజపాత్రల వరుసలో నాలుగోదాన్ని పొడవడం కోడిపిల్లలకు నేర్పి, తమ ముందు నిలువుగా సాగిన ఆ వరుసను అడ్డంగా తిప్పి చూపినప్పుడు, ఎడమ నుంచి నాలుగోది, కుడి నుంచి నాలుగోది రెండూ సమానంగా సరైన జవాబులే అయినా, పిల్లలు ఎడమ నుంచి నాలుగోదాన్నే ఎంచుకున్నాయని 2010లో వెలువడిన వ్యాసం చెప్పింది. 2015లో రుగాని బృందం మరో అడుగు వేసింది. ఐదు గుర్తుల పలకకు అలవాటు పడిన మూడు రోజుల పిల్లలకు రెండు పక్కలా రెండేసి గుర్తుల పలకలు పెడితే అవి దాదాపు 70 శాతం సార్లు ఎడమ పలక వైపు, ఎనిమిదేసి గుర్తుల పలకలు పెడితే అదే స్థాయిలో కుడి పలక వైపు వెళ్లాయి. ఇరవై గుర్తులకు అలవాటు పడిన పిల్లలకు అదే ఎనిమిది చిన్న సంఖ్య అయి, అవి ఎడమకు తిరిగాయి. ముప్పై రెండుకు కుడికి వెళ్లాయి. చిన్న సంఖ్య ఎడమ, పెద్ద సంఖ్య కుడి అన్న ఈ అమరికను మనుషులలో స్టానిస్లాస్ దెహేన్ 1993లో వివరించినప్పుడు, అది చదివే అలవాటు వల్ల వచ్చిందని వాదన నడిచింది. అరబిక్‌ను కుడి నుంచి ఎడమకు చదివే పాలస్తీనీయులలో అమరిక తారుమారైందని 2009 నాటి అధ్యయనం చెప్పడం ఆ వాదనకు బలమిచ్చింది. అక్షరం ఎరుగని కోడిపిల్లలో అదే అమరిక కనిపించడం వల్ల, మూలం మెదడు అసౌష్ఠవంలో ఉందని, లిపి దానిని తరువాత బలపరచడమో తిప్పడమో చేస్తుందని ఇటలీ బృందం వాదిస్తున్నది. దీనిపై 2015లోనే విమర్శలు వచ్చాయి. కోడిపిల్ల మనసులో సంఖ్యల గీత ఉందనుకోనవసరం లేకుండానే, మెదడులోని రెండు సగాలు తక్కువకూ ఎక్కువకూ స్పందించే తేడాతోనే ఈ ఫలితాన్ని వివరించవచ్చని కొందరు అభిప్రాయపడ్డారు. ఆ జాగ్రత్త అవసరమైనదే. ఎడమ నుంచి కుడికి సాగే తెలుగు బోర్డూ, కుడి నుంచి ఎడమకు సాగే ఉర్దూ బోర్డూ ఒకే దుకాణం మీద కనిపించే హైదరాబాద్, ఆ రెండు లిపుల్లో పెరిగిన పిల్లలతో ఈ వాదాన్ని పరీక్షించడానికి ప్రపంచంలోనే తగిన నగరాలలో ఒకటి.

కణాల స్థాయిలో మాత్రం సందేహం తగ్గుతున్నది. జర్మనీలోని ట్యూబింగెన్‌లో ఆండ్రియాస్ నీడర్ బృందం కాకుల మెదడులో నిర్దిష్ట సంఖ్యకు మాత్రమే ఎక్కువగా స్పందించే న్యూరాన్లను 2015లో గుర్తించగా, సంఖ్యల శిక్షణ ఏదీ లేని చిన్న కోడిపిల్లల మెదడులో కూడా అటువంటి న్యూరాన్లు ఉన్నాయని వల్లోర్తిగారా ప్రయోగశాల 2022లో చూపింది.

ఈ జ్ఞానం వల్ల హ్యాచరీని చూసే చూపు మారవలసి ఉంది. వాణిజ్య హ్యాచరీలో గుడ్లు దాదాపు పద్దెనిమిది రోజులు సెట్టర్‌లో, చివరి మూడు రోజులు హ్యాచర్‌లో ఉంటాయి. ఉష్ణోగ్రత, తేమ, గాలి, గుడ్లను తిప్పడం అన్నీ లెక్కప్రకారం జరుగుతాయి గాని, యంత్రం లోపల సాధారణంగా చీకటి. పిండం కుడి కన్ను పెంకు వైపు తిరిగి వెలుగు కోసం సిద్ధంగా ఉన్న రోజులు సరిగ్గా ఆ చీకట్లోనే గడిచిపోతాయి. జీవితమంతా షెడ్డులోనే గడిపే బ్రాయిలర్ పిల్లకు గద్ద ఎదురుకాదు కాబట్టి దీనివల్ల నష్టం చిన్నదని అనుకోవచ్చు, కాని పొదిగే కాలంలో వెలుగు చూపిన బ్రాయిలర్ పిల్లలలో భయమూ ఒత్తిడీ తక్కువగా కనిపించాయని అమెరికాలో జరిగిన అధ్యయనాలు చెబుతున్నాయి. పెరటి కోడి సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. వనరాజా పిల్లలను మొదటి ఆరు వారాలు వేడి దీపాల కింద నర్సరీలో పెంచి, ఆ తరువాత పెరటిలోకి వదలమని సిఫారసు చేస్తారు. వాటి రంగు ఈకలూ పొడవైన కాళ్లూ వేటజంతువుల బారి నుంచి తప్పించుకోవడానికి తోడ్పడతాయని ఆ రకం ప్రత్యేకతల్లో చెబుతారు. ఈకల రంగునూ కాలి పొడవునూ అంత ముందుచూపుతో ఎంచిన వారు, నూకలు ఏరుతూనే ఆకాశాన్ని కనిపెట్టే మెదడు సిద్ధం కావడానికి పెంకు మీద పడవలసిన కొద్ది గంటల వెలుగును కూడా ఎంచుకోగలరు. రాజేంద్రనగర్‌లో పొదిగే గుడ్లను రెండు భాగాలు చేసి, ఒక భాగానికి హ్యాచర్‌లో దీపం పెట్టి, మరో భాగాన్ని చీకట్లో ఉంచి, రెండు రకాల పిల్లలనూ పాల్మాకుల వంటి పల్లెల్లో పెరళ్లకు ఇచ్చి, ఏ గుంపులో ఎన్ని గద్ద వాత పడకుండా పెరిగాయో ఏడాది పాటు నమోదు చేయడానికి కొత్త యంత్రాలేవీ అక్కరలేదు. రైతుకు ఆ ఒక్క సంఖ్య, మెదడు గురించిన వ్యాసాలన్నిటికన్నా ముందుగా అర్థమవుతుంది.